ఈశాన్యం మూల నుంచి చెప్పిన భూగోళం

రిటైరయ్యాక నన్ను ఎక్కువగా పిలిచేది బి.ఎడ్. కాలేజీల వాళ్ళే. సోషల్ టీచర్లు కాబోయే పిల్లలకు భూగోళం ఎలా చెప్పాలో రెండు మాటలు చెప్పి పొమ్మంటారు. వెళ్తాను. బోధన పద్ధతులన్నీ ఆ పిల్లలకు నోటికొచ్చు. ప్రాజెక్టు పద్ధతి, పరిశీలన పద్ధతి, క్షేత్ర పర్యటన, ఒక్కోదానికీ లాభాలు, నష్టాలు. రాయమంటే గడగడ రాస్తారు. సరే, మీరు కూర్చున్న ఈ గదిలో ఉత్తరం ఎటు అని అడిగితే మాత్రం సెల్‌ఫోన్లు తీస్తారు. నాకు కోపం వస్తుంది. కోపం తగ్గించుకోమని ఇంట్లోవాళ్ళు చెబుతూనే ఉంటారు, నావల్ల కావడం లేదు.

అందుకే నోటితో చెప్పేది కాగితం మీద పెడుతున్నాను. ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయ్యాను, ఏ ఇన్‌స్పెక్షన్‌లో ఎవరు మెచ్చుకున్నారు లాంటివి ఇందులో ఉండవు. పనిలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన సంగతులు కొన్ని ఉన్నాయి, అవే రాస్తాను. వాటిలో ఒక ఇంటి సంగతి ఉంది. దాని దగ్గరికి రావడానికే మిగతావి.

గోడ మీది పటం

ఉద్యోగంలో చేరిన కొత్తలో, పుత్తూరు దగ్గరి ఒక హైస్కూల్లో, ఏడో తరగతి పిల్లవాణ్ణి ఉత్తరం చూపించమన్నాను. వాడు ఏమాత్రం అనుమానం లేకుండా పైకప్పు చూపించాడు. దక్షిణం చూపించమంటే తన పాదాల దగ్గర నేల చూపించాడు. తరగతంతా అవునన్నట్టు తలూపింది. తప్పు వాడిది కాదు. మనం పటాన్ని ఎప్పుడూ గోడకు తగిలించే పాఠం చెబుతాం. పటంలో ఉత్తరం పైన ఉంటుంది అంటాం. పైన ఉన్నది పైకప్పే మరి.

మర్నాడు ఆ పటాన్ని దించి నేల మీద పరిచాను. దాని ఉత్తరం అసలు ఉత్తరానికి వచ్చేట్టు తిప్పి, పిల్లల్ని దాని మీద నిలబడమన్నాను. ఒక్కరూ కదల్లేదు. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే పిల్లలు, దేశం పటం మీద కాలు పెడతారా? నేను గదమాయించేసరికి ఒకమ్మాయి చెప్పులు విడిచి, అంచు మీద బొటనవేలు ఆనించి, వెంటనే వంగి దణ్ణం పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజుకు పాఠం అక్కడితో ఆగిపోయింది.

తర్వాత ముగ్గుపిండి తెప్పించాను. ఆవరణలో చుక్కలు పెట్టి, ఆ చుక్కల లెక్కన చిన్న పటాన్ని పెద్దదిగా గీయడం ఆడపిల్లలకు నేను నేర్పనక్కర్లేకపోయింది. ముగ్గు మీద నడవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తిరుపతి మీద ఒకరు, చెన్నై మీద ఒకరు, బెంగుళూరు మీద ఒకరు నిలబడి, నీకు నేను ఏ దిక్కున ఉన్నానో చెప్పుకో అని అరుచుకునేవాళ్ళు. పద్ధతి పుస్తకంలో ఎంత బాగున్నా పిల్లలు దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వాళ్ళను తిట్టి లాభం లేదు, మనమే ఇంకో దారి వెతుక్కోవాలి.

సంపు ఏ మూల ఉంది

నాలుగు దిక్కులు వచ్చాక మూలల దగ్గర మళ్ళీ కష్టం మొదలయ్యేది. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని బట్టీ పట్టి, రెండో రోజుకు కలగాపులగం చేసేవాళ్ళు. అప్పటికి తిరుపతి శివార్లలోని స్కూలుకు వచ్చాను. ఊరు పెరిగి పెరిగి ఆ పల్లెను మింగేసింది. స్కూలు చుట్టూ ఎటు చూసినా కొత్త లేఅవుట్లు, కొత్త ఇళ్ళు. ఒకరోజు విసిగిపోయి, మీ ఇంట్లో నీళ్ళ సంపు ఏ మూల ఉంది అని అడిగాను. తరగతి మొత్తం ఒక్క గొంతుతో ఈశాన్యం అంది. వంటిల్లు? ఆగ్నేయం. బీరువా పెట్టే గది? నైరుతి. ఒక్కరూ తడబడలేదు.

ఇల్లు కట్టేటప్పుడు, అద్దెకు వెతికేటప్పుడు, పెద్దవాళ్ళు వాస్తు మాట్లాడుకుంటుంటే విని నేర్చుకున్నవే అవన్నీ. ఆ రోజు నుంచి నేను దిక్కుల పాఠం ఇంటి నుంచే మొదలుపెట్టాను. మీ ఇల్లు గీయండి, ఈశాన్యం గుర్తు పెట్టండి, ఆ పటం పట్టుకుని ఇంటి ముందు నిలబడి కొండ ఎటుందో చూడండి. అంతే, పిల్లలు అల్లుకుపోయేవాళ్ళు. ట్రైనింగులకు వెళ్ళినప్పుడు ఈ సంగతి కాస్త గొప్పగానే చెప్పుకునేదాన్ని. మా ఫిజిక్స్ మాస్టారు మాత్రం జీతం ప్రభుత్వానిది, పాఠం సిద్ధాంతిది అని ఎగతాళి చేశారు. నేను చెప్పేది దిక్కులు, వాస్తు కాదు అని ఆయన నోరు మూయించాను. ఆ రెండూ ఎప్పటికీ కలవవని అప్పుడు నాకు గట్టి నమ్మకం.

హెడ్మాస్టరు గారి చుక్కలు

మా హెడ్మాస్టరు రంగనాథం గారు మంచి మనిషి, కానీ భూగోళం అంటే ఆయనకు మ్యాప్ పాయింటింగే. పటం మీద చుక్క సరిగ్గా పడితే మార్కులు పడతాయి, మార్కులు పడితే స్కూలు నిలబడుతుంది అనేవారు. తీరం వంపు దగ్గర స్కేలు ఆనించి, ఇంత లోపలికి కొలిస్తే తిరుపతి, ఇంత పైకి కొలిస్తే నెల్లూరు అని పిల్లలకు స్వయంగా నేర్పేవారు. చుక్కలు పడేవి. రిజల్టు వచ్చేది. మాకిద్దరికీ పడేది కాదు.

ఒకసారి అర్ధ సంవత్సర పరీక్షలో ఒక పిల్ల, మాకు పెద్ద వానలు కార్తీకమాసంలో బంగాళాఖాతం వైపు నుంచి వస్తాయి అని రాసింది. గైడులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు అని ఉంది. హెడ్మాస్టరు గారు ఆ జవాబు కొట్టేశారు. అప్పుడు కిటికీ బయట కొండ కనిపించనంత వాన. నేను ఆ పేపరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళి గట్టిగానే వాదించాను. ఆయన వాన వైపు చూసి, పేపరు వైపు చూసి, పబ్లిక్ పరీక్షలో ఆ పేపరు దిద్దేవాడు ఎక్కడివాడో మనకు తెలియదు గదా మేడం అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఈ ఉద్యోగంలో సగం బాధ అదే. పరీక్ష పిల్లవాడి ఊరిని ఎరగదు, ఆ పరీక్షకు పంపాల్సింది మనమే. మీరైతే రెండు జవాబులూ నేర్పండి, ఏది ఎక్కడ రాయాలో కూడా నేర్పండి. నేను అలాగే చేశాను. ఆ జవాబు రాసిన పిల్ల పేరు హేమలత.

ట్యూబులో నీళ్ళు

హేమలత వాళ్ళది నగరి. పవర్‌లూమ్ మగ్గాలు అమ్మేసి వాళ్ళ నాన్న మునిరత్నం తిరుపతి వచ్చి ఒక లాడ్జిలో పనికి కుదిరాడు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో కొత్త గదులు కడుతున్నారు. కాంటూరు రేఖల పాఠం అప్పుడే వచ్చింది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు అని చదివి, పిల్లలు ఆ గీతలు కొండ మీద నిజంగానే ఉంటాయనుకుంటారు. నేను మేస్త్రీని అడిగి లెవెల్ ట్యూబు తీసుకున్నాను. పొడవాటి ప్లాస్టిక్ ట్యూబు, లోపల నీళ్ళు. ఈ కొన దగ్గర నీళ్ళు ఏ ఎత్తులో నిలుస్తాయో ఆ కొన దగ్గరా అదే ఎత్తులో నిలుస్తాయి. రెండు కొనలూ ఇద్దరు పట్టుకుని, నేల ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో కొలుచుకుంటూ పోవచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు.

ఆవరణ కొలిచాక రోడ్డు మీదికి వెళ్ళాం. శనివారాల్లో కొలుచుకుంటూ కొలుచుకుంటూ స్కూలు వెనక కొత్త లేఅవుట్ దాకా పోయాం. కొండలు మాకు ఉత్తరాన ఉన్నాయి. నేల అక్కడి నుంచి దక్షిణంగా స్వర్ణముఖి వైపు దిగుతుంది. ఆ లేఅవుట్‌కు ఈశాన్యంగా రోడ్డు కింద ఒక కల్వర్టు ఉంది. పెద్ద వానకు కొండ నీళ్ళు ఆ కల్వర్టు దాటి వంకలో పడి పారేవి. లేఅవుట్ వేసినవాళ్ళు వంకను గ్రావెలుతో పూడ్చి, చదును చేసి, రాళ్ళు పాతి, ప్లాట్లు చేశారు. కల్వర్టు గోడ మీద మాత్రం పాత నీళ్ళు వచ్చిన మట్టం బురద గీతగా మిగిలే ఉంది. ఆ గీత ఎత్తు నుంచి ట్యూబు పట్టుకుంటూ వచ్చి, ఆ వీధిలో ఏ ప్లాటు దానికంటే పైన ఉందో, ఏది కింద ఉందో పిల్లలు పటం గీశారు. గీస్తూ గీస్తూ హేమలత ఆగిపోయింది. కింద ఉన్న ప్లాట్లలో ఒకటి వాళ్ళది. మునిరత్నం ఉన్నదంతా పెట్టి కొన్న ప్లాటు అది. అప్పుడే పునాదులు తీస్తున్నారు.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "మేడం, మా నాయన ఈశాన్యం మూల ఇంకా పల్లం సేపిస్తా ఉండాడు. సిద్ధాంతి సెప్పినాడంట. కొండ నీళ్ళు వచ్చేది ఆ మూల నుంచే గదా?"

మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే, ఈశాన్యం పల్లంగా ఉండాలి, నైరుతి మెరకగా ఉండాలి. మామూలు చోట అది ఎవరికీ అపకారం చేయదు. కానీ ఇక్కడ ఎగువన కొండ. ఆ వైపే మూల దించి గేటు పెడితే, వచ్చే నీళ్ళకు వాకిలి తీసి పెట్టినట్టే. నేను మునిరత్నాన్ని స్కూలుకు రమ్మని కబురు పెట్టాను.

మునిరత్నం

ఆయన లాడ్జి డ్యూటీ మధ్యలో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను పిల్లలు గీసిన పటం బల్ల మీద పరిచి, కల్వర్టు, గీత, ఆయన ప్లాటు, అన్నీ చూపించాను. ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అంతా అయ్యాక నగరిలో వాళ్ళ పాత ఇంటి సంగతి చెప్పాడు. ఆ ఇంటికి ఈశాన్యం మెరకగా ఉండేదట. తెలియక వాళ్ళ నాన్న అలా కట్టాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఆ దిగులుతోనే ఆయన పోయాడు. మగ్గాలు ఆగడానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. కానీ తన బతుకు ఎందుకు చితికిందో ఆ మనిషికి దొరికిన జవాబు ఆ మూల ఒక్కటే.

చివరికి ఆయన అన్నాడు. "నా బిడ్డకు ఈశాన్యం నేర్పించినది మీరే గదా మేడం. మూల మూలా గీసి సూపించినాది మాకు. ఇప్పుడు మీరే ఆ మూలకు నీళ్ళొస్తాయంటే, నేనెవురి మాట ఇనేది?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పక్క గదిలో నుంచి అంతా విన్న హెడ్మాస్టరు గారు, ఇల్లు వాళ్ళది మేడం, మనం పాఠం వరకే అన్నారు. ఆ రోజు ఆయనతో వాదించే ఓపిక కూడా లేకపోయింది.

దారి హేమలతే కనిపెట్టింది. మూడో రోజు తరగతిలో లేచి అడిగింది. "మేడం, పల్లం అంటే దేనికంటే పల్లం?"

ఎత్తు అనేది ఎప్పుడూ మరోదానితో పోల్చి చెప్పేదే. సముద్ర మట్టం నుంచి ఇంత అంటాం, రోడ్డు నుంచి ఇంత అంటాం. ఊరికే పల్లం అనేది ఏదీ లేదు. నేను నెల రోజులుగా చెబుతున్న పాఠం అదే, కానీ ఆ ఇంటికి దాన్ని అన్వయించాలని నాకు తట్టలేదు. ఈశాన్యం నైరుతి కంటే పల్లంగా ఉండాలన్నాడు సిద్ధాంతి. రోడ్డు కంటే పల్లంగా ఉండాలనలేదు. ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నతో సిద్ధాంతికి ఫోను చేయించింది. రోడ్డుకు ఎంత ఎత్తు లేపినా తనకు అభ్యంతరం లేదని సిద్ధాంతి చెప్పాడు. వాన నీళ్ళు మాత్రం దక్షిణానికి పోకూడదు, ఈశాన్యం నుంచే బయటికి పోవాలి అని ఇంకో మాట కలిపాడు.

మునిరత్నం మేడ మీద వేద్దామనుకున్న గది మానుకుని, ఆ డబ్బుతో గ్రావెలు తోలించాడు. ఈశాన్యం మూలను కల్వర్టు గీతకు పైకి లేపాడు, నైరుతిని దానికంటే కొంచెం పైకి. చుట్టూ ప్రహరీ పెట్టాడు. గృహప్రవేశానికి నన్ను పిలిచి, కొత్త చీర పెట్టి, హేమలతను చూపించి, మీ బిడ్డ నిలబెట్టిన ఇల్లు అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, ఎందుకు దాచాలి.

కొత్తగా చేరేవాళ్ళకు

మిగతాది చెప్పేముందు మీకు ఒక మాట. పిల్లవాడి ఇంటి నుంచి పాఠం మొదలుపెట్టమని మీకు ట్రైనింగులో చెబుతారు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి అని సూత్రం కూడా రాయిస్తారు. మంచి సూత్రమే. కానీ ఇంట్లోకి వెళ్ళే పాఠం మన పీరియడుతో అయిపోదు. అక్కడ వాళ్ళ భయాలు ఉంటాయి, చనిపోయినవాళ్ళు ఉంటారు, కూడబెట్టుకున్నది ఉంటుంది. నదుల పేర్లు తప్పు చెబితే ఒక మార్కు పోతుంది. ఇది తప్పితే పోయేది మార్కు కాదు. కాబట్టి పటం ఇచ్చి వదిలేయకండి, తర్వాత ఏమైందో వెళ్ళి చూడండి. వెళ్ళే ధైర్యం లేకపోతే గోడ పటం, స్కేలు, చుక్కలతోనే సరిపెట్టుకోండి. రంగనాథం గారి పద్ధతిలో కనీసం ఎవరికీ హాని లేదు.

కార్తీకం

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. రెండు రోజులు తెరిపి లేని వాన. మూడో రోజు పొద్దున కాస్త తగ్గగానే గొడుగు పట్టుకుని ఆ వీధికి వెళ్ళాను. కల్వర్టు నిండుగా పోతోంది. వీధిలో ఎర్రటి నీళ్ళు. మునిరత్నం ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయాయి, లోపల చుక్క తడి లేదు. నా ప్రాణం కుదుటపడింది.

హేమలత గేటు దగ్గర నిలబడి ఉంది. ముఖంలో సంతోషం లేదు. పడమటి వైపు పక్కింటిని చూస్తోంది. ఆ ఇల్లు సరోజమ్మది. కొండకు వచ్చేవాళ్ళకు పూలు కట్టి అమ్ముకుంటూ బతికే మనిషి. లేఅవుట్ వేయకముందు నుంచీ ఉన్న పాత రేకుల ఇల్లు. లోపల మోకాటి లోతు నీళ్ళు, పూల బుట్టలు తేలుతున్నాయి. ఆమె గిన్నెలు ఒక్కొక్కటే ఏరి కిటికీ మీద పెట్టుకుంటోంది. నన్ను చూసి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంట్లోకి రాలేదు, ఈ ఏడే ఎందుకొచ్చాయో తెలియడం లేదని చెప్పింది. గొంతులో ఎవరి మీదా నిష్ఠూరం లేదు.

ఎందుకొచ్చాయో నాకు తెలిసిపోయింది. వంక పూడ్చినా, వానకు నీళ్ళు మునిరత్నం ఖాళీ ప్లాటు మీదుగా దక్షిణాన బీడులోకి దిగిపోయేవి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా లేపిన నేల ఉంది, ప్రహరీ ఉంది. నీళ్ళు అక్కడ తగిలి పడమటికి తిరిగి, వీధిలో అన్నిటికంటే కింద ఉన్న ఇంట్లో దూరాయి. నేను పక్కకు తిరిగేసరికి హేమలత నన్నే చూస్తోంది.

"మన పటంలో పక్కిల్లు గీయలేదు, మేడం" అంది.

గీయలేదు. ప్లాట్లు కొలిచాం. అప్పటికే కట్టి ఉన్న ఇళ్ళను కొలవాలని మాకెవరికీ తోచలేదు. నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. వాళ్ళ నాన్న లోపలి నుంచి వచ్చాడు. హేమలత ఆయనకు చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ, కానీ పాఠం అప్పజెప్పినంత వరసగా. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, మన గోడ ఎక్కడ అడ్డం పడింది, గేటు నుంచి మన ఇంటి తూర్పు పక్క సందులో కాలవ తీసి దక్షిణం ప్రహరీకి కన్నం పెడితే ఎటు పోతాయి.

దక్షిణం అన్న మాట దగ్గర ఆయన ముఖం మారింది. ఇంటి నీళ్ళు ఏ దిక్కుకు పోకూడదని సిద్ధాంతి చెప్పాడో అదే దిక్కు. కొత్త గోడ, ఇంకా సున్నం కూడా వేయలేదు. ఆయన నా వైపు చూశాడు. ఈసారి నేను ఏదైనా చెబుతానని ఎదురుచూశాడేమో తెలియదు. గోడ అవతల సరోజమ్మ చేటతో నీళ్ళు తోడి పోస్తున్న చప్పుడు మా ముగ్గురికీ వినబడుతోంది.

ఆయన మెట్ల కింద నుంచి గడ్డపార తీసుకుని తూర్పు సందులోకి నడిచాడు. మేము వెనకే వెళ్ళాం. దక్షిణం గోడ ముందు ఆగి, ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"యాడ కొట్టాల్నో నువ్వే సూపించు తల్లీ" అన్నాడు.